కరెంటు ఒప్పుకుంటేనే ప్రాణం

పెదగోగులంక ఉప ఖజానా కార్యాలయంలో పింఛనుదార్లు బతికున్నారో లేదో తేల్చే పని చల్లటి నీళ్ళ పెట్టెకు అప్పగించారు. ఇందులో నవ్వడానికేమీ లేదు. అంతకుముందు ఆ పని చేసిన వేలిముద్రల మిషను కంటే అదే నయమని ఒప్పుకున్నవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు.

ఏటా చలికాలం మొదలవగానే పింఛనుదారు ఖజానాకు వచ్చి, తాను బతికే ఉన్నానని రుజువు చేసుకోవాలి. నడిచి రావడం రుజువు కాదు. నమస్కారం పెట్టడం, కుర్చీ అడగడం, వరసలో ముందుకు తోసుకొచ్చినవాడితో దెబ్బలాడటం, ఇవేవీ రుజువులు కావు. బొటనవేలు మిషను మీద పెడితే అది ఔననాలి. జీవితమంతా సుద్దముక్కలు, గునపాలు, లాకుల చక్రాలు పట్టుకున్న వేళ్ళకు గీతలెక్కడుంటాయి? మిషను ఎర్రదీపం వెలిగించి, ఈ మనిషి లేడు పొమ్మనేది.

ఆ ఆఫీసు వసారాలో స్టీలు నీళ్ళ పెట్టె ఒకటుంది. బియ్యం మిల్లుల వాళ్ళు దానమిచ్చింది. ఎప్పుడో వెల్ల వేయించినప్పుడు దాని వెనక ఎర్తు వైరు తెగిపోయింది. మోటారు దగ్గర కరెంటు లీకవుతోంది. ఎర్తు వైరుంటే ఆ లీకైన కరెంటు తిన్నగా భూమిలోకి పోయేది. అది లేదు కనక పెట్టె ఒంటినిండా నింపుకుని, ఎవడు ముట్టుకుంటాడా అని కాచుకు కూర్చుంది. బాగు చేయించరేమని అడిగితే, గోడకు లోపలున్నది మాది కాదని కరెంటు ఆఫీసువాళ్ళన్నారు. ఇచ్చేశాక మాది కాదని మిల్లులవాళ్ళన్నారు. దానం వచ్చిన వస్తువు సామాన్ల పట్టీలో లేదు కనక, లేని వస్తువును బాగు చేయించడం కుదరదని ఖజానావాళ్ళన్నారు.

దీనికి తోడు కొత్తగా వచ్చిన ఉప ఖజానా అధికారి చక్రపాణిగారికి భక్తి జాస్తి. ఖజానా అంటే లక్ష్మీదేవి కాపురముండే చోటని, గుమ్మంలో చెప్పులు విడిచి రావాలని బోర్డు పెట్టించారు. నేల ఎప్పుడు చూసినా తడిగుడ్డ పెట్టి మెరిసిపోతుండాలన్నారు. పైన కరెంటు, కింద తడి, మధ్యలో వట్టికాళ్ళ పింఛనుదారు. ఏర్పాట్లన్నీ పూర్తయ్యాయి, ఇక ఎవరికో ఒకరికి దాహం వెయ్యడమే తరువాయి.

ఆ దాహం రిటైర్డు లస్కరు వీర్రాజుకు వేసింది. కాలవ లాకుల దగ్గర ఉద్యోగమంతా చేసినవాడు, వేళ్ళు నున్నగా అరిగిపోయాయి. మిషను పొద్దుట్నుంచీ వీర్రాజు లేడు, లేడు అంటూనే ఉంది. నోరెండిపోయి నీళ్ళ పెట్టె దగ్గరికెళ్ళి కొళాయి పట్టుకున్నాడు.

"ఓర్నాయనోయ్! చచ్చాన్రా బాబోయ్!"

ఆ కేకకు చక్రపాణిగారు గదిలోంచి బయటికొచ్చారు. వసారాలో కూలబడి చెయ్యి విదిలించుకుంటున్న వీర్రాజును చాలాసేపు చూశారు. ఇంకొకరైతే ఆ పెట్టె స్విచ్చి తీయించేవారు. చక్రపాణిగారు ఆలోచనాపరులు. చచ్చానని అరిచినవాడు బతికున్నట్టే కదా అన్న సంగతి ఆయనకు మెరిసింది. వేలిముద్రల మిషను పొద్దుట్నుంచీ తేల్చలేనిది నీళ్ళ పెట్టె ఒక్క క్షణంలో తేల్చేసింది.

ఆ సాయంత్రమే పైకి నివేదిక వెళ్ళింది. "సదరు పింఛనుదారు సదరు పెట్టెను స్పృశించిన మీదట బిగ్గరగా స్పందించినందున, జీవించియున్నట్లు నిస్సందేహముగా రూఢియైనది. అదనపు వ్యయము లేనందున ఈ విధానము శాశ్వత ప్రాతిపదికన అనుమతించవలసినదిగా ప్రార్థన." అదనపు వ్యయము లేదన్న మాట చూసి పైవాళ్ళు మిగతాది చదవకుండానే అనుమతించారు. దానికి జీవ స్పందన నిర్ధారణ విధానమని పేరు కూడా పెట్టారు. ఎర్తు వైరు కలిపితే షాకు పోతుంది, షాకు పోతే పరీక్ష పోతుంది కనక, పెట్టెను బాగు చేసినవారు శిక్షార్హులని పక్కనే ఇంకో బోర్డు వెలిసింది.

సరిగ్గా ఈ పరిస్థితిలో గెద్దాడ భాస్కరం మాస్టారు తాను బతికున్నానని చెప్పుకోవడానికి ఖజానాకు వచ్చారు.

భాస్కరం మాస్టారు జిల్లా పరిషత్తు హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. ఊళ్ళో సగంమంది తడిచేత్తో స్విచ్చి ముట్టుకోరంటే అది ఆయన బెత్తం చలవే. ఆయనకు చక్కెర జబ్బు. అరికాల్లో పుండు పడి, మానీమానకుండా ఉంది. కాలు వట్టినేల మీద పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పి, మందపాటి రబ్బరు చెప్పులు ఇప్పించాడు. ఆ డాక్టరు చీటీ చూపించి మాస్టారు చెప్పులతోనే లోపలికి రావడానికి అనుమతి సంపాదించుకున్నారు. లక్ష్మీదేవికి అభ్యంతరం లేదా అని చక్రపాణిగారు కాసేపు మథనపడి, డాక్టరు గెజిటెడ్ అధికారే కనక అమ్మవారు సర్దుకుంటుందని తేల్చారు.

నీళ్ళ పెట్టె కథ మాస్టారికి తెలుసు. ఇంట్లో బయల్దేరేటప్పుడే ఆయన భార్య వరహాలమ్మ తన నెత్తిన ఆయన చెయ్యి పెట్టించుకుంది.

"చెప్పులిప్పి ఆ పెట్టి ముట్టుకున్నారంటే నా మీద ఒట్టే! మీరు బతికున్నట్టు ఆళ్ళకి తెలవకపోతే పీడాపోయె. నాకు తెలుసు, చాలు."

మాస్టారు చెప్పులు విప్పలేదు. చెయ్యి పొడిగా తుడుచుకుని, వేలి వెనకభాగం పెట్టెకు ఆనించారు. ఏమీ కాలేదు.

అరుపు వినబడుతుందేమోనని అటెండరు గవర్రాజు చెవి దగ్గరికి తెచ్చాడు. "మళ్ళీ ఓసారి పెట్టండి మాస్టారూ. గట్టిగా. మొహమాటపడకండి."

ఈసారి అరచెయ్యి మొత్తం పెట్టారు. పెట్టె గుర్రుమంటూ ఉంది. మాస్టారు ప్రశాంతంగా ఉన్నారు.

"స్పందన లేదండోయ్!" అని గవర్రాజు లోపలికి కేకేశాడు. చక్రపాణిగారు కుర్చీలోంచి లేచి, కళ్ళజోడు తీసి, ఒక్క క్షణం తలొంచుకున్నారు. ఆయన మర్యాద తెలిసిన మనిషి.

"చక్రపాణిగారూ, ఇందులో ఓ చిన్న సంగతుందండి," అని మాస్టారు పాఠం చెప్పే గొంతుతో మొదలెట్టారు. "కరెంటుకి దారి కావాలండి. చేతిలోంచి లోపలికొచ్చాక కాళ్ళలోంచి భూమిలోకి పోవడానికి దారుంటేనే అది బయల్దేరుతుంది. నా కాళ్ళ కింద రబ్బరుంది. దారి మూసుకుపోయింది."

"దారి మూసుకుపోయిందని తమరే ఒప్పుకుంటున్నారు. నేను రాసేదీ అదే కదండీ."

"అది కాదండి బాబూ! కరెంటు తీగ మీద కాకి వాలుతుంది. దానికి షాకు కొట్టదు. అంటే కాకి చచ్చిపోయినట్టా?"

చక్రపాణిగారు ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. కళ్ళు మూసుకుని ఆలోచించారు. "కాకి సర్వీసులో చేరిన తేదీ ఎంతండీ?"

"కాకికి సర్వీసేమిటండీ?"

"అదే నేను మనవి చేసేది. కాకి మా పరిధిలోకి రాదు. తమరొస్తారు. అయినా చెప్పులు విప్పితే పోయేదేముంది మాస్టారూ?"

"పోయేది ప్రాణమండి! ఇవాళ చురుక్కుమంటోంది. లోపల తీగ మీద పూత ఇంకాస్త ఊడిందంటే రేపు ఎవణ్ణో పట్టుకుని వదలదు. బతికున్నానని చెప్పుకోవడానికి నన్ను చావమంటారా?"

"ఆ సందర్భంలో కూడా తమరి విషయంలో స్పష్టత వస్తుంది," అన్నారు చక్రపాణిగారు ఎంతో సౌమ్యంగా.

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. కానీ మండిన ఒంటిని చూసి ప్రాణముందని ఒప్పుకునే నిబంధన ఆ ఆఫీసులో లేదు. ఇంటికొచ్చేశారు.

ఆ వారం తిరక్కుండానే గవర్రాజు కాగితం పట్టుకుని వాళ్ళింటికొచ్చాడు. మాస్టారు అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. గవర్రాజు ఆయన పక్కనుంచే లోపలికి తొంగిచూసి, "అమ్మగోరూ!" అని గొంతులో బరువు తెచ్చుకున్నాడు. "కీర్తిశేషులు భాస్కరం మాస్టారి కుటుంబ పింఛను నిమిత్తం తమరి సంతకం కావాలండి. మా ఆఫీసరుగారు సానుభూతి కూడా తెలియజేయమన్నారండి."

"ఏమిట్రా ఆ మాటలు? నేనిక్కడే కదరా ఉన్నాను!" అన్నారు మాస్టారు.

"మీరు మధ్యలో మాటాడకండి మాస్టారూ. ఇది మీ తదనంతర విషయమండి."

వరహాలమ్మ వంటింట్లోంచి చీపురుతో వచ్చింది. "ఏరా గవర్రాజూ! నా మొగుడు నా కళ్ళెదురుగా చెట్టంత మనిషి కూర్చునుంటే నా బొట్టు చెరిపేత్తావా? నీ ఆఫీసరుకి చెప్పు, సంతకమెట్టడానికి నేనే వత్తన్నానని! ఈ చీపురుతోనే ఎడతానని!"

గవర్రాజు గోడ దూకి పోయాడు. ఆమె చీపురు పడేసి, గడపలో కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. అంతవరకూ ఇదంతా ఆఫీసువాళ్ళ తెలివితక్కువతనమనుకున్న మాస్టారు, ఆ ఏడుపు చూశాక పేపరు పడేసి వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. ఎలాగైనా సరే, ఆ ఆఫీసు చేతే తాను బతికున్నానని అనిపించాలని ఆ గడపలోనే పట్టుపట్టారు. ఒట్టు మాత్రం తప్పకూడదు.

ఈలోగా ఊరు తన పని తాను చేసుకుపోయింది. బ్యాంకువాళ్ళు ఖాతా ఆపేసి, ఆయన్ని కూర్చోబెట్టి మజ్జిగిచ్చి, మీరు లేని లోటు తీరనిదన్నారు. పక్కింటి నూకరాజు దడి మీంచి తలెత్తి, "మాస్టారూ, మాస్టారి సైకిలు అమ్మేత్తారేటండీ?" అని ఆయన్నే అడిగాడు.

తర్వాత లైను మరమ్మతుల కోసం ఒక పూటంతా కరెంటు తీశారు. ఆ సంగతి కరెంటువాళ్ళు ముందుగానే మైకులో చెప్పారు. అయితే మైకులో చెప్పింది ఖజానాకు లిఖితపూర్వకంగా అందలేదు కనక పరీక్షలు యథాప్రకారం జరిగాయి. ఆ పూట వరసలో ఉన్నవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు పెట్టెను ముట్టుకోవడం, స్పందన లేదని గవర్రాజు చదవడం. మధ్యాహ్నానికి పెదగోగులంక పింఛనుదార్లలో పెద్ద భాగం పోయారు. అసలీ విధానానికి మూలపురుషుడైన లస్కరు వీర్రాజు కూడా, అనుమతికి ముందు చేసిన పరీక్ష చెల్లదని మళ్ళీ పిలిపిస్తే వచ్చి, పోయాడు.

"మొన్న బతికే ఉన్నాను కదండీ! మీరే రాసుకున్నారు!" అని అతను గోలపెట్టాడు.

"మొన్న అనేది మొన్నటికే వర్తిస్తుంది," అన్నారు చక్రపాణిగారు.

"పోనీ కరెంటొచ్చాక ఇంకోసారి ముట్టుకుంటానండి."

"మరణించినవారిని మళ్ళీ పరీక్షించే నిబంధన ఏ శాఖలోనూ లేదు వీర్రాజూ."

అంతమంది ఒక్కపూటలో పోవడం చక్రపాణిగారిని కలచివేసింది. మర్నాడు ఆఫీసు ఆవరణలో సంతాప సభ పెట్టించారు. పోయినవాళ్ళే కుర్చీలు సర్దారు. రెండు నిమిషాల మౌనానికి వాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. వీర్రాజు తనలోని సుగుణాల గురించి చక్రపాణిగారు చెబుతుంటే విని కళ్ళు తుడుచుకున్నాడు. చివర్లో ఇచ్చిన టీ మాత్రం చల్లారిపోయిందని పోయినవాళ్ళలో కొందరు సణిగారు.

ఆ దెబ్బతో పింఛనుదార్లకు లోకజ్ఞానం వచ్చింది. ఇక కరెంటున్నా లేకపోయినా అరవడం మొదలెట్టారు. కొందరు గేటు దగ్గర్నుంచే అమ్మో అబ్బో అనుకుంటూ వచ్చేవారు. రిటైర్డు డ్రిల్లు మాస్టారొకాయన పెట్టెకు ఇంకా బారెడు దూరంలో ఉండగానే కింద పడి గిలగిలా కొట్టుకున్నాడు. లేని ప్రాణాలు కూడా ఇలా దొంగతనంగా లెక్కలోకి వచ్చేస్తున్నాయేమోనని చక్రపాణిగారికి కంటిమీద కునుకు లేదు. ఒకపక్క చచ్చినవాళ్ళ అర్జీలు, ఇంకోపక్క బతికినవాళ్ళ నటనలు. వ్యవహారం పైకి పోయింది.

విచారణకు పద్మలోచనగారొచ్చారు. ఆవిడ శాఖలో సంయుక్త సంచాలకులు. పెద్ద చదువులు చదివిన మనిషని తెలిసి మాస్టారు సంతోషించి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అందరికన్నా ముందు వెళ్ళి కూర్చున్నారు. ఆవిడ అందరి మాటలూ ఓపిగ్గా విన్నారు. కరెంటుకి దారి కావాలని మాస్టారు చెప్పినదంతా రాసుకున్నారు కూడా.

"విధానంలో లోపమేమీ కనిపించడం లేదు," అని చివరికి సెలవిచ్చారు. "లోపమంతా మానవ ప్రమేయంలో ఉంది. అరిచేది మనిషి, వినేది మనిషి, రాసేది మనిషి. ఈ ముగ్గుర్నీ తప్పించండి. భాస్కరంగారన్నట్టు కరెంటు ప్రవాహమే ప్రధానం. దాన్ని మీటరుతో కొలవండి. మిషను పిలవాలి, మిషను చూడాలి, మిషను ధ్రువపత్రం ఇవ్వాలి."

మాస్టారు తల పట్టుకున్నారు. తన పాఠాన్ని ఎవరైనా అంత శ్రద్ధగా వినడం, అంత చక్కగా అడ్డదిడ్డం చెయ్యడం ఆయన సర్వీసులోనే ఎరగరు.

కొత్త ఏర్పాటు త్వరగానే వచ్చింది. పెట్టె ముందు ఒక ఇనపపలక పరిచారు. పలకమీదికి వచ్చిన కరెంటు మీటరులోంచి భూమిలోకి పోతుంది. మీటరు ముల్లు ఆకుపచ్చ గీత దాటితే ప్రాణమున్నట్టు, దాటకపోతే లేనట్టు. కంప్యూటరు పేరు పిలుస్తుంది, ఫోటో తీస్తుంది, కాగితం అచ్చువేసి ఇస్తుంది. ప్రారంభోత్సవానికి పద్మలోచనగారే వచ్చి, అధికారులకు చెప్పుల నిబంధన లేదు కనక బూట్లతోనే పలకెక్కి, పెట్టె మీద చెయ్యి వేశారు.

ముల్లు కదల్లేదు.

గవర్రాజు అలవాటు కొద్దీ "స్పందన..." అని మొదలెట్టబోతే చక్రపాణిగారు వాడి కాలు తొక్కారు. పద్మలోచనగారు ఏమాత్రం తడబడలేదు.

"నేను పరీక్షించడానికొచ్చాను, పరీక్షింపబడటానికి కాదు. సర్వీసులో ఉన్నవారి ప్రాణం శాఖ అధీనంలో ఉంటుంది. రిటైరయ్యాకే అది వారి సొంత బాధ్యత," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. పోయినవాళ్ళందరికీ దయతలచి మరొక్క అవకాశం ఇస్తున్నామని, దీని తర్వాత పోయినవాళ్ళు ఇక పోయినట్టేనని కూడా ఆవిడ ప్రకటించారు.

ఆ మరొక్క అవకాశం గురించే మాస్టారు ఇంటి వెనక గట్టుమీద కూర్చుని ఆలోచించారు. చెప్పులతో వెళ్తే ముల్లు కదలదు, శాశ్వతంగా పోయినట్టే. చెప్పులిప్పితే పుండు, ఒట్టు, షాకు, ఏది తీసుకెళ్తుందో తెలీదు. ఎదురుగా నూతిగట్టు పక్కన అరటిదుబ్బు ఉంది. ఒంటినిండా నీళ్ళే. చూస్తూ చూస్తూ ఆయన ఎగిరి గంతేశారు.

"వరాలూ! ఆ మిషను మనిషిని చూడ్డం లేదే! దారిని చూత్తోంది! తడి ఉండి, కరెంటు పోయే దారుంటే చాలు, దానికి అదే ప్రాణం! గునపం తే!"

"ఇంత ఎండలో గునపమెందుకండీ?"

"ఆళ్ళ కళ్ళు తెరిపించడానికి!"

నడుమెత్తు అరటి పిలకనొకదాన్ని వేళ్ళతో సహా తవ్వి, మట్టితోనే తడిగోనెలో చుట్టి, ఆటోలో వేసుకుని ఖజానాకు వెళ్ళారు. కంప్యూటరు ఆడగొంతుతో తీయగా పిలిచింది. "గెద్దాడ భాస్కరంగారు పలక మీదికి రావలెను."

మాస్టారు పిలకను తీసుకెళ్ళి గోనెతో సహా పలక మీద నిలబెట్టి, దాని నడుమనున్న లేత మొవ్వును పెట్టెకు ఆనించి వెనక్కి జరిగారు. ముల్లు ఒక్క ఊపున ఆకుపచ్చ గీత దాటి, ఇక వెళ్ళడానికి చోటులేక చివరకంటా వెళ్ళి కొట్టుకుంది. కెమెరా తళుక్కుమంది. "మీ జీవితం ధ్రువీకరించబడింది. ఆయురారోగ్య ప్రాప్తిరస్తు," అంది కంప్యూటరు.

"చూశారా!" అని మాస్టారు వరసలో ఉన్నవాళ్ళకేసి తిరిగి చెయ్యెత్తారు. ఆయన గొంతు హైస్కూలు రోజుల్లోకి వెళ్ళిపోయింది. "ఇది అరటి పిలక! దీనికి ఉద్యోగం లేదు, రిటైరుమెంటు లేదు! అయినా మీటరు దీన్ని భాస్కరం అంది! కరెంటు వెళ్ళేది ప్రాణముందని కాదు, తడి ఉందని! దారి ఉందని! ఇప్పటికైనా ఆ పెట్టెకి ఎర్తు వైరు కలపండి, మనిషిని కళ్ళతో చూసి గుర్తుపట్టండి!"

పింఛనుదార్లు ఈలలు వేశారు. వీర్రాజు ఆనందం పట్టలేక తలపాగా ఎగరేశాడు. మాస్టారు రొమ్ము విరుచుకుని, చక్రపాణిగారి మొహం ఎప్పుడు పాలిపోతుందా అని చూస్తూ నిలబడ్డారు.

చక్రపాణిగారు అచ్చయిన కాగితం తీసుకుని చదివారు. ఆయన మొహం పాలిపోలేదు సరిగదా, వెలిగిపోయింది. పలక దగ్గరికి వెళ్ళి, అరటి పిలకకు రెండు చేతులూ జోడించారు.

"అభినందనలు భాస్కరంగారూ! జిల్లాలో ఇంతటి స్పందన ఇంకెవరికీ రాలేదు. తమరి విషయంలో పొరపాటు జరిగినందుకు శాఖ విచారిస్తోంది."

"చక్రపాణిగారూ! అది అరటి పిలకండీ!"

"కావచ్చండి. పింఛనుదారు ఏ ఆకారంలో ఉండాలో నిబంధనల్లో ఎక్కడా లేదు. మానవ ప్రమేయం తీసేశాం కదా, నేను కాదనడానికి వీల్లేదు."

"భాస్కరం నేనండీ! నేను!"

చక్రపాణిగారు కాగితం మీదున్న ఫోటో చూశారు. లేత ఆకు ఒకటి పక్కకు వాల్చి, పిలక చక్కగా పడింది. మాస్టారిని తేరిపార చూశారు. మళ్ళీ ఫోటో చూశారు.

"భాస్కరంగారు స్పందన లేక ఇదివరకు పోయారు. ఇవాళ స్వయంగా వచ్చి, నిరూపించుకుని, ధ్రువపత్రం తీసుకున్నారు. ఫోటో కూడా సరిపోయింది," అని కాగితం మడిచి, ఎంతో మర్యాదగా అడిగారు. "మరి తమరెవరండీ?"

ఎంతోమంది పిల్లల్ని ప్రశ్నలడిగి నిలబెట్టిన మనిషి, ఈ ప్రశ్నకు జవాబు తెలీక నిలబడిపోయారు. చివరికి, "అయితే అది రద్దు చెయ్యండి," అన్నారు.

"రద్దు చెయ్యాలంటే భాస్కరంగారు పోయినట్టు రుజువు కావాలి. అంత నిండైన మనిషిని పోయారని ఎలా రాస్తామండీ? వచ్చే ఏడాది మళ్ళీ వారే రావాలి. ఎదిగి ఉంటే పరవాలేదు, వయసన్నాక మార్పులు సహజం."

"ఈలోగా ఎండిపోతే?"

"అలాంటి అశుభం మాటలు అనకండి," అని చక్రపాణిగారు బాధపడ్డారు. "ఒకవేళ ఆ భగవంతుడు అలాగే రాసిపెడితే, అమ్మగారికి కబురు చేస్తాం."

ఆటోలో తిరిగొచ్చేటప్పుడు మాస్టారు పిలకను ఒళ్ళో పెట్టుకుని, ఎండ తగలకుండా పైపంచ కప్పారు. గతుకుల్లో నెమ్మదిగా పోనిమ్మని డ్రైవరును రెండుమూడుసార్లు కేకలేశారు. ఇంటికి రాగానే కథంతా విని వరహాలమ్మ నవ్వాలో ఏడవాలో తెలీక, ముందు పిలకకు దిష్టి తీసింది. పెరట్లో మంచి చోటు చూసి పాతిపెట్టారు. బ్యాంకువాళ్ళు ఖాతా తెరిచారు. కీర్తిశేషులన్న మాట గవర్రాజు తనంతట తానే మానేశాడు.

మర్నాటి నుంచి ఖజానా గేటు దగ్గర అరటి పిలకల బేరాలు జోరందుకున్నాయి. ఇక షాకు తినేవాళ్ళే లేరు. ఎవరి పిలకను వాళ్ళు పలకెక్కించి, పక్కన నిలబడి కబుర్లు చెప్పుకున్నారు. వీర్రాజుది చక్కెరకేళి పిలక కావడంతో పేరున్న పింఛనుదారయ్యాడు. పెదగోగులంకలో పింఛనుదార్ల మరణాలు పూర్తిగా ఆగిపోయాయని గుర్తించి, పైవాళ్ళు చక్రపాణిగారికి శాలువా కప్పి, ఈ విధానాన్ని జిల్లా అంతటా పెట్టమన్నారు.

భాస్కరం మాస్టారికి మాత్రం మనశ్శాంతి లేదు. గాలివాన వస్తే గుండె దడ. ఆకు పసుపు తిరిగితే వ్యవసాయాధికారి దగ్గరికి పరుగు. తన కాలి పుండు మానిన సంగతి ఆయనే గమనించలేదు. చుట్టూ ముళ్ళకంచె వేయించారు. ఆ కంచెలో నూకరాజు మేక పట్టేంత సందు మిగిలిపోయిందని ఆయనకు ఒకరోజు పొద్దున్నే తెలిసింది. చేతికందిన కర్ర పట్టుకుని, పంచె ఊడిపోతున్నా చూసుకోకుండా పెరట్లోకి ఉరికారు.

"ఒరేయ్ నూకరాజూ! రారా! నీ మేక నన్ను తినేత్తోందిరోయ్!"

ఆ కేకకు వీధంతా దడి దగ్గర చేరింది. మేకను లాగేసరికి ఆకు కొస పోయింది, మొవ్వు మిగిలింది. మాస్టారు ఒళ్ళంతా చెమటతో, ముళ్ళు గీరుకున్న చేతులతో వచ్చి అరుగు మీద కూలబడ్డారు.

వరహాలమ్మ గబగబా వచ్చింది. ఆయన్ని దాటుకుని తిన్నగా పెరట్లోకెళ్ళి, పిలకను కిందినుంచి పైదాకా తడిమి చూసి, గుండె మీద చెయ్యేసుకుని, హమ్మయ్య అంది.

"ఏమేవ్, కాసిని కాఫీనీళ్ళు పొయ్యి. ప్రాణం పోతోంది," అన్నారు మాస్టారు అరుగు మీంచి నీరసంగా.

వరహాలమ్మ నూతిలోకి చేద వదులుతూ, వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"ఉండండి. ముందు ఆయనకి పోసొచ్చి, మీకు పోత్తాను."